దస్తగిరి వద్దన్న టైర్లు

గురవమ్మ చనిపోయినప్పటి నుంచి దస్తగిరి జీపుకు టైర్లు ఎంచుకోలేక నలిగిపోతున్నాడు.

నల్లమల అంచున ఖాసిం సామి మఠం ఉంది. సామి పుట్టింది దూదేకులవాళ్ళ ఇంట్లో. వేళకు నమాజు చేస్తాడు, పొద్దుగూకితే తత్వాలు పాడుకుంటాడు, మిగతా సమయంలో పరుపులకు దూది ఏకుతాడు. వచ్చినవాళ్ళకు ఉపదేశాలు చెప్పే అలవాటు లేదు. మఠానికి ఒక పాత జీపు ఉంది. అడవి లోపలి చెంచు గూడేల్లో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే ఆ జీపు పోయి ఆసుపత్రికి చేరుస్తుంది. శిష్యుడిగా వచ్చిన దస్తగిరికి సామి మంత్రం ఏదీ చెప్పలేదు. జీపు తాళం చేతిలో పెట్టాడు.

దస్తగిరి దాన్నే సాధన అనుకున్నాడు. అడవి దారుల్లో అతను నడిపినట్టు ఎవరూ నడపలేరని అందరూ అనేవాళ్ళు. విని విని అతనికీ ఆ నమ్మకం కుదిరింది. పంక్చర్లు వేసే మౌలాలి వానలకు ముందు జీపు చుట్టూ తిరిగి, టైర్లు అరిగి గుండయిపోయాయి, ఈసారి మార్చు అని చెప్పాడు. నడిపే చెయ్యి సరిగా ఉంటే టైరుతో పనేముందని దస్తగిరి నవ్వేశాడు.

శ్రావణంలో వానలు పట్టుకున్నాయి. ఈతమాకుల గూడెంలో ఈదన్న భార్య గురవమ్మకు నొప్పులు మొదలయ్యాయి. తొలి కాన్పు. గూడేనికీ తారు రోడ్డుకూ మధ్య జిగురువంక అనే వాగు అడ్డం. గూడెం వైపు గట్టు రాతినేల. రోడ్డు వైపు గట్టు నల్లరేగడి, నిటారుగా ఉంటుంది. పోయేటప్పుడు జారుకుంటూ దిగిపోవచ్చు. వచ్చేటప్పుడే ఎక్కాలి.

గురవమ్మను ఎక్కించుకుని వస్తుంటే ఆ గట్టు సగం ఎక్కి జీపు ఆగిపోయింది. చక్రాలు ఉన్నచోటే తిరిగాయి. కొమ్మలు నరికి వేశారు, రాళ్ళు తెచ్చి పేర్చారు. ఈదన్న వెనక భుజం ఆనించి తోశాడు. తోసేకొద్దీ బండి వెనక్కే జారింది. ఎవరో పరుగెత్తిపోయి ట్రాక్టరు తెచ్చేసరికి లోపల అరుపులు ఆగిపోయాయి. బిడ్డ బయటికి రానే లేదు.

ఈదన్న ఎవరినీ ఏమీ అనలేదు. గూడేనికి వెనక్కి తీసుకుపోదామా అని మాత్రం అడిగాడు. దస్తగిరి బండి తిప్పలేకపోయాడు. వాళ్ళు ఆమెను మోసుకుపోయారు.

టైర్లు మార్చమని సామి చెప్పాడు. దస్తగిరి నంద్యాల వెళ్ళాడు. కొట్టు యజమాని మడ్ టైర్లు చూపించాడు. వాటి పళ్ళు పెద్దవి, సందులు వెడల్పు. సందుల్లో చిక్కిన బురదను తిరిగేటప్పుడు టైరే విసిరేస్తుంది, విసిరేసి మళ్ళీ పట్టు అందుకుంటుంది అని వివరించాడు. తడిబండ మీద ఎట్లా ఉంటాయని దస్తగిరి అడిగాడు. కొంచెం జారొచ్చు అన్నాడాయన. తారు రోడ్డు మీద హోరుపెడతాయి, తడిలో బ్రేకు కాస్త ఆలస్యంగా పట్టుకుంటుంది అని కూడా దాచకుండా చెప్పాడు. దస్తగిరి వద్దన్నాడు. అయితే రోడ్డుకూ అడవికీ పనికొచ్చే మధ్యరకం చూపించాడు. లోతు బురదలో ఎక్కుతుందా అంటే కచ్చితంగా చెప్పలేనన్నాడు. దస్తగిరి అదీ వద్దన్నాడు.

తర్వాత కర్నూలు పోయాడు. ఒక కొట్టులో సన్న టైరు బురదను కోసుకుని అడుగున గట్టినేలను అందుకుంటుందన్నారు. ఇంకో కొట్టులో వెడల్పు టైరయితే దిగబడదన్నారు. జీపులు నడిపేవాళ్ళను ఒక్కొక్కరినీ అడిగాడు. ఫోనులో వీడియోలు చూశాడు. చూసిన ప్రతి టైరుకూ ఒక లోపం కనిపెట్టాడు. అతను చెప్పే లోపాలన్నీ నిజమే.

జీపు మఠం ముందు కదలకుండా నిలబడి ఉంది. గూడేలవాళ్ళు రోగులను డోలీలో మోస్తున్నారు. ఒకనాడు మఠం ముందు నుంచే ఒక డోలీ పోయింది. లోపల ఎవరో జ్వరంతో మూలుగుతున్నారు. మోసేవాళ్ళకు మోకాళ్ళ దాకా బురద. వాళ్ళు జీపు వైపు ఒకసారి చూశారు, ఆగలేదు. దస్తగిరి గోడ పక్కకు తప్పుకున్నాడు. ఆ రోజు నుంచి అతనికి అన్నం సయించలేదు. కళ్ళు మూసుకుంటే చక్రం ఉన్నచోటే తిరుగుతున్న చప్పుడు వినిపించేది.

చివరికి సామి దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. తనకు ఏదీ తోచడం లేదని, బుర్ర పనిచేయడం లేదని చెప్పుకున్నాడు.

"ఎక్కడా దిగబడని టైరేదో మీరే చెప్పండి సామీ. మీరు ఏది చెబితే అది వేస్తాను."

సామి ఏకుతున్న దూది పక్కకు జరిపి, ఒంటి మీది పీచు దులుపుకుని, చెప్పులు వేసుకున్నాడు. ఇద్దరూ బస్సెక్కి నంద్యాల పోయారు.

కొట్టులో సామి టైర్ల వైపు చూడలేదు. దస్తగిరి వైపే చూశాడు.

"వీటిలో నీకు ఏదంటే భయం?"

దస్తగిరి కొట్టంతా కలియజూశాడు. చివరికి మడ్ టైర్ల వైపు చెయ్యి చూపించాడు.

"అవే ఇమ్మను."

తడిబండ మీద అవి జారతాయని దస్తగిరి మళ్ళీ మొదలుపెట్టాడు. సామి అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాడు.

"బండ మీద నిదానంగా పో."

ఆ టైర్లే మఠానికి తెచ్చి జీపుకు బిగించారు.

వాన ఇంకా వదల్లేదు. మబ్బు కమ్మిన ఒక మధ్యాహ్నం ఈదన్న మఠానికి నడిచి వచ్చాడు. తన చెల్లెలు ఈరమ్మకు నొప్పులు వస్తున్నాయని సామితో చెప్పాడు. దస్తగిరి వైపు తిరగలేదు. సామి లేచి జీపు ముందు సీట్లో కూర్చున్నాడు. ఎన్నడూ జీపు ఎక్కని మనిషి. దస్తగిరి తాళం తిప్పాడు.

వంకలోకి దిగేటప్పుడు బండి కొంత జారింది. అవతలి రాతిగట్టు మీద నిదానంగా పోయాడు. గూడెంలో ఈరమ్మను వెనక బొంత మీద పడుకోబెట్టారు. ఈదన్న ఆమె తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తిరుగుదారిలో ఈరమ్మ మూలుగొక్కటే వినిపిస్తోంది.

నల్లరేగడి గట్టు ముందు దస్తగిరి ఫోర్ వీల్ గేరు వేసి, ఊపిరి బిగబట్టి బండిని ఎక్కించాడు. చక్రాలు ఒకసారి ఉన్నచోటే తిరిగాయి. బురద ముద్దలు ముద్దలుగా లేచి తలుపులకు కొట్టుకుంది. మరుక్షణం టైర్లు నేలను పట్టుకున్నాయి. బండి ఎక్కడా ఆగలేదు. ఎవరూ దిగి తోయనక్కరలేదు. గట్టు పైకి వచ్చేసింది. ఎదురుగా తారు రోడ్డు కనిపిస్తోంది.

అంత సులువుగా అయిపోయింది.

దస్తగిరి బండి ఆపేశాడు. ఆపాలని అనుకోలేదు, కాలు దానంతట అదే బ్రేకు తొక్కింది. అద్దంలో ఈదన్న కనిపించాడు. అతను మెడ తిప్పి వెనకున్న వంకను చూస్తున్నాడు.

దస్తగిరి స్టీరింగు మీద తల ఆనించాడు. ఏడుపు రాలేదు. లోపల ఏదో ఎండిపోయినట్టుంది.

"ఏ టైరు వేసినా ఆ గట్టు ఎక్కేది కాదేమో అనుకుంటా ఉంటిని సామీ," అన్నాడు. "అది పట్టుకునే బతుకుతా ఉంటిని."

దస్తగిరి తల ఎత్తి సామి వైపు తిరిగాడు.

"ఆ పొద్దు ఇవే టైర్లు ఉండింటే గురవమ్మ బతికేదే కదా?"

వెనక ఈదన్న ఇటు తిరిగాడు. అద్దాల మీద సన్నగా చినుకులు పడుతున్నాయి. రాత అట్లా ఉంది అంటాడని, ఆమెకు అంతే ఆయుష్షు అంటాడని, అల్లా పిలుచుకున్నాడంటాడని దస్తగిరి ఎదురుచూశాడు. ఆ మాటల్లో ఏది అన్నా పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు.

సామి అతని ముఖంలోకి చూశాడు.

"బతికేది," అన్నాడు.

ఆ తర్వాత ఇంకేమైనా చెబుతాడేమోనని దస్తగిరి కాసేపు చూశాడు. ఈదన్న కళ్ళు వాల్చుకుని చెల్లెలి నుదుటి మీద చెమట తుడిచాడు. ఈరమ్మకు మళ్ళీ నొప్పి వచ్చింది. పళ్ళు బిగించి సీటు కమ్మీని పట్టుకుంది.

సామి చెయ్యి చాచి, దస్తగిరి చేతిని స్టీరింగు మీది నుంచి తీసి, గేరు మీద పెట్టాడు.

"ఈమె ఉంది," అన్నాడు. "పోనీ."