కాఫీ పిప్పి రాసిన కాలు

తునిలో పసిపిల్లలకు నీళ్ళు పోయడం, బాలింతలకు ఒళ్ళు రుద్దడం నేర్పే సుభద్రాంబ గారికి ఒక అలవాటు ఉండేది. ఏదైనా అడిగితే జవాబు చెప్పేవారు కారు, పని చెప్పేవారు.

ఆమె దగ్గర నేర్చుకుంటున్న వకుళ ఒకనాడు, "అమ్మగారూ, కాఫీ పిప్పి రాస్తే తొడల మీద గుంటలు నిజంగా పోతాయా?" అని అడిగింది.

వకుళకు ఆ వానాకాలంలో కొడుకు పుట్టాడు. పురిటి స్నానమైనా కాకముందే పోయాడు. వాడి కోసం కుట్టిన గుడ్డలు కూడా ఇంట్లో ఉంచలేదు. కడుపుతో ఉన్నప్పుడు పెరిగిన ఒళ్ళు మాత్రం మిగిలింది. తొడల మీద చర్మం, చలిమిడి ముద్దను వేళ్ళతో నొక్కినట్టు, గుంటలు పడి ఉండేది. "ఒళ్ళు మునుపటిలా అయితే మనసూ కుదుటపడుతుందే," అంటూ అత్తగారు రోజూ ఫిల్టరులో మిగిలిన పిప్పి తీసి ఇచ్చేది.

"ఒక కాలికే రాసి చూడు," అన్నారు సుభద్రాంబ గారు.

వకుళ పిప్పిలో నువ్వుల నూనె కలిపి కుడి తొడకు రుద్దుకోసాగింది. కాసేపటికి చర్మం బిగిసి, గుంటలు కాస్త తగ్గినట్టుండేవి. అత్తగారు సంతోషించేది. వకుళ తలుపు వేసుకుని ఏడ్చేది.

ఒక ఉదయం పొరుగింటి పసివాడికి నీళ్ళు పోయడానికి ఇద్దరూ వెళ్ళారు. "మోకాళ్ళ నొప్పి నన్ను కాళ్ళు చాచనివ్వడం లేదు, నువ్వు కూర్చో," అన్నారు సుభద్రాంబ గారు.

"నా కాళ్ళ మీద వద్దండీ. కీడంటారు."

"కూర్చోవమ్మా తల్లీ, నీళ్ళు చల్లారిపోతున్నాయి!" అని కసిరింది పసివాడి అమ్మమ్మ. "కీడూ లేదు, పాడూ లేదు."

వకుళ పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ పైకి లాగి, కాళ్ళు చాచింది. పసివాడు కాసేపు గుక్కపట్టి ఏడ్చి, వేడినీళ్ళు వీపున పడగానే ఊరుకున్నాడు. కళ్ళలోకి నీళ్ళు పోకుండా వాడి నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి, వకుళ చాలాసేపు తల ఎత్తలేదు.

తిరిగి వస్తూ, అసలు అడగాలనుకున్నది అప్పుడు అడిగింది. "అమ్మగారూ, ఇలా రాస్తూ పోతే... వాడు నా కడుపున ఉన్న గుర్తు కూడా పోతుందా?"

"నిన్న రాశావా?"

"రెండు మూడు రోజులుగా రాయలేదండీ. చేతులు రాలేదు."

"కాలెలా ఉంది?"

వకుళ కళ్ళు తుడుచుకుంది. "మళ్ళీ మామూలే. రెండో కాలిలాగే ఉంది."

అంతలో ఇల్లు దగ్గరపడింది. వకుళ వాకిట్లో అత్తగారు పిప్పి గిన్నె పట్టుకుని ఎదురుచూస్తూ నిలబడి ఉంది.

"రాసుకోవే," అన్నారు సుభద్రాంబ గారు, మెల్లగా. "ఆవిడకీ మనవడు పోయాడు."