సువార్తమ్మ ఫోటోకి ఏ సిరా?

ఇందుమతికి ఏ సిరా ఎంచుకోవాలో తేలలేదు. బల్ల మీద ఒకే ఫోటో, రెండు ప్రింట్లు. రెండూ నలుపు తెలుపే. మొదటిది నీళ్లలో కరిగే రంగు సిరాలు కలిపి, నలుపు పుట్టించి తీసింది. రెండోది కార్బన్ సిరాతో, అంటే వంటింటి మసికి దూరపు చుట్టమైన మెత్తటి పొడితో తీసింది. మొదటిదాంట్లో నలుపు నిగనిగలాడుతోంది. రెండోది కాస్త చప్పగా ఉంది.

నిజానికి ఆమె మనసులో ఎప్పుడో తేలిపోయింది. గురువుగారు కూడా మొదటిదే బాగుందంటే వినాలని రెండూ పట్టుకుని వెళ్లింది.

గురువు ఖాదర్ వలీ. చీరాలలో నలభై ఏళ్లు చీకటిగదిలో ఫోటోలు కడిగి, అరవై దాటాక ఇంకుజెట్ ప్రింటర్ ముందు కూర్చుని మళ్లీ అఆల నుంచి నేర్చుకున్న మనిషి. ఆయన రెండు ప్రింట్లూ వెలుతురులోకి తెచ్చి చూశాడు.

"ఎవరికి?"

"దీనమ్మ గారికి మాస్టారూ. వాళ్లమ్మ సువార్తమ్మ గారి ఫోటో. పేటలో సగం మందికి పురుడు పోసిన చెయ్యంట. ఆవిడది ఈ ఒక్క ఫోటోనే ఉందట."

"ఎక్కడ తగిలిస్తుంది?"

"పడమటి వసారాలో. వచ్చేపోయేవాళ్లకి కనపడాలంది."

ఖాదర్ వలీ ఏది బాగుందో చెప్పలేదు. కత్తిరించగా మిగిలిన అంచుల్లోంచి రెండింటివీ చెరో ముక్క తీశాడు. ఒక్కో ముక్క మీద సగానికి నల్లకాగితం కప్పాడు. రెండింటినీ పడమటి కిటికీ అద్దానికి అంటించాడు.

"ఎండాకాలం వెళ్లాక చూద్దాం. అందాకా ఆగు."

అప్పటికి క్రిస్మస్ వెళ్లి వారమే అయింది.

"ఆరు నెలలా? పాడైతే మళ్లీ తీసిద్దాం మాస్టారూ. ఫైలు ఉంటుంది కదా."

"ఫైలు ఉంటుంది. తీసివ్వడానికి నువ్వూ నేనూ ఉండాలి కదమ్మా."

ముసలాయన చాదస్తం అనుకుంది ఇందుమతి. దీనమ్మ ఇంట్లో తల్లి జ్ఞాపకార్థ కూడిక పదిరోజుల్లో ఉంది. ఆలస్యం అమృతం విషం అనుకుని, నిగనిగలాడేదాన్ని ఫ్రేము కట్టించి, గురువుకి చెప్పకుండా ఇచ్చేసింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అనలేదు పెద్దలు. కూడికకి వచ్చిన వాళ్లంతా ఫోటో ముందు నిలబడి సువార్తమ్మ లేచి వచ్చినట్టుందన్నారు. పాస్టరుగారు కూడా తీసిందెవరని అడిగారట. ఆ వారమంతా ఇందుమతి కాళ్లు నేల మీద నిలవలేదు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం దీనమ్మ ఆ ఫోటోని పాత చీరముక్కలో చుట్టుకుని స్టూడియోకి వచ్చింది.

"నా కళ్లు పోతన్నట్టున్నాయి అమ్మాయ్. అమ్మ మొహం పచ్చపచ్చగా అయిపోయి, రోజురోజుకీ దూరంగా పోతన్నట్టు కనపడతంది. కళ్లాసుపత్రికి రెండుసార్లు పోయొచ్చా. ఏం లేదంటారు. చుక్కలేసుకుంటన్నా, అయినా తగ్గలా. నువ్వు చదువుకున్నదానివి, చూసి చెప్పు. అమ్మ బాగానే ఉందా ఇందులో?"

ఇందుమతి ఫ్రేము విప్పింది. ఫ్రేము చెక్క కింద దాక్కున్న వేలెడు అంచు మాత్రం మొదటిరోజు లాగే నల్లగా ఉంది. మిగతా అంతా వెలిసి, పాచి రంగుకు తిరిగింది. దీనమ్మ తన కళ్లని అనుమానించింది గానీ ఫోటో ఇచ్చిన పిల్లని అనుమానించలేదు. ఆ సంగతి ఇందుమతికి అప్పుడు అర్థమైంది.

లోపలి నుంచి ఖాదర్ వలీ వచ్చాడు. ఫోటోని చూశాడు. ఇందుమతిని ఒక్కసారి చూశాడు. ఆయనకి సంగతి తెలియడం అదే మొదలు. స్టూలు లాక్కుని దీనమ్మ ఎదురుగా కూర్చున్నాడు.

"మీ కళ్లకేం కాలేదమ్మా. వెలిసింది ఫోటోయే. సిరా ఎంచడంలో తప్పు మాది. రేపు సాయంత్రానికి మా అమ్మాయి కొత్తది తెచ్చిస్తుంది."

"నిజంగా నా కళ్లకేం కాలేదా సాయిబు గారూ?"

"ఏం కాలేదు."

దీనమ్మ గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, మంచినీళ్లు అడిగి తాగింది.

తప్పు మాది అన్న ఆ మాటకి ఇందుమతి కళ్లలో నీళ్లు తిరిగాయి. తిట్టి ఉంటే ఆ పూటకి ఏడ్చి, మర్నాటికి మరిచిపోయేది. ఈ రుణం మాత్రం ఆమె ఇవాళ్టికీ మరిచిపోలేదు.

దీనమ్మ వెళ్లాక ఖాదర్ వలీ కిటికీ మీది ముక్కలు రెండూ ఊడదీసి, నల్లకాగితాలు తీసేసి బల్ల మీద పెట్టాడు. ఒకదాని మధ్యలో గీత గీసినట్టు ఎండా నీడా విడివిడిగా ఉన్నాయి. రెండోదాంట్లో ఏ సగం ఎండలో ఉందో ఇందుమతి ఎంత వెతికినా దొరకలేదు. ఆయన నమాజుకి వెళ్లిపోయాడు.

ఆమె ఆ మధ్యాహ్నమే కార్బన్ సిరాతో ప్రింటు తీసింది. మర్నాటిదాకా ఆరనిచ్చి, అదే ఫ్రేములో బిగించి, సాయంత్రం దీనమ్మ చేతిలో పెట్టింది.

"ముందుదంత నల్లగా లేదే ఇది," అంది దీనమ్మ. తర్వాత చాలాసేపు చూసింది. "ఇదేందమ్మాయ్, అమ్మ చేతులు కనపడతన్నాయి."

మెరిసే నలుపులో ఒడిలోని చేతులు మునిగిపోయాయని ఇందుమతి అప్పటిదాకా గమనించనే లేదు. దీనమ్మ ఆ చేతుల మీద, అద్దానికి తగలకుండా, తన అరచేయి ఉంచింది.

ఇందుమతి స్టూడియోకి వచ్చేసరికి ఖాదర్ వలీ ప్రింటర్ తుడుస్తున్నాడు.

"మాస్టారూ, మీరు ఆగమన్నారు. నేను ఆగలేదు, మీకు చెప్పనూ లేదు. తప్పు నాదైతే మాది అన్నారెందుకు?"

ఆయన గుడ్డ మడిచి పక్కన పెట్టాడు.

"నీకు నేర్పిందెవరమ్మా?"