రాజుగారి చావు, రచయితగారి కిళ్ళీ

పెదగరువులో భుజంగరావు అనే నాటక రచయిత ఉండేవాడు. ఎదుటివాడి మాట సగంలో ఉండగానే దానికి జవాబు చెప్పేయడం ఆయనకున్న జబ్బు.

"భుజంగరావుగారూ, మీ నాటకంలో ఆ రెండో రంగం..." అని ఎవరైనా మొదలుపెడితే చాలు, "రెండో రంగం మీకు అర్థం కాలేదు. ఇంకోసారి చూడండి" అనేసేవాడు. పాపం, ఆ మనిషి రెండో రంగం బాగుందని చెప్పబోయాడేమో! ఆ సంగతి ఎవరికీ ఎప్పటికీ తెలిసేది కాదు. ఇంట్లోనూ అంతే. ఒకరోజు భార్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి "ఏవండీ, కూరలో..." అనగానే "ఉప్పు సరిపోయిందిలే" అన్నాడు. ఆవిడ చెప్పబోయింది బల్లి పడిందని.

అలాంటి భుజంగరావు ఎంతో కష్టపడి చంద్రకేతు మహారాజు కథను సంగీత నాటకంగా రాశాడు. అందులో రాజుగారికి యుద్ధంలో బాణం తగులుతుంది. రాణి ఒడిలో తల పెట్టుకుని ప్రాణం విడుస్తాడు. కథ మంచిదే. చిక్కల్లా ఎక్కడంటే, బాణం నాటకం నడిమధ్యలో తగిలేది, ప్రాణం చివర్లో పోయేది. ఈ లోపల రాజుగారు తన బాల్యం గురించి, రాజ్యం గురించి, గుర్రం గురించి, తన పెళ్ళి గురించి, ఆఖరికి బాణం వేసినవాడి తాతగారి గురించి కూడా పద్యాలు పాడేవాడు.

రాజు వేషం పట్టాభిది. అతనికి ఊపిరి ఎక్కువ. రాగం ఎత్తుకున్నాడంటే హార్మోనియం వాయించేవాడి వేళ్ళు నొప్పెట్టాల్సిందే గానీ అతని గొంతు నొప్పెట్టేది కాదు. రాణి వేషం సత్యవేణిది. ఆ అమ్మాయికి ఆ రంగంలో ఒక్క మాట కూడా లేదు. అంతసేపూ రాజుగారి తల మోస్తూ కూర్చోవాలి.

"గురువుగారూ, రాణికి ఒక్క మాటైనా..." అని ఆ అమ్మాయి ఒకసారి అడగబోయింది.

"రాణి మౌనమే ఒక మహాకావ్యం" అన్నాడు భుజంగరావు.

"అది కాదండీ, నా కాలు..."

"రాణి కాలు ప్రేక్షకులకు కనబడదు" అన్నాడాయన.

భుజంగరావు నాటకాలు అప్పటికే చాలా ఊళ్ళు తిరిగి, ఏ ఊళ్ళోనూ రెండోసారి ఆడకుండా వెనక్కి వచ్చాయి. నటులకు విసుగొచ్చింది. "గురువుగారూ, సింగవరం పరిషత్తుకు వెళ్దాం. అక్కడ కూడా వెనక్కి పంపేస్తే మాత్రం మేం వేరే రచయితను వెతుక్కుంటామండీ. ఏమీ అనుకోకండి" అన్నాడు పట్టాభి.

ఈ ఒక్క మాటకు భుజంగరావు దగ్గర జవాబు లేకపోయింది. వేసేవాళ్ళు లేకపోతే నాటకం ఉత్త కాగితాల కట్ట. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

సింగవరంలో ఏటా జరిగే కొత్త నాటకాల పరిషత్తు పద్ధతే వేరు. మిగతా పరిషత్తుల్లో తయారైన నాటకాలు ఆడి, బహుమతులు పంచుకుని పోతారు. ఇక్కడ నాటకాన్ని అక్కడే తయారుచేసేవారు. ముందు 'పచ్చి ప్రదర్శన' ఉండేది. దానికి వేషాలుండవు, తెరలుండవు. నటులు కాగితాలు పట్టుకుని ఆడతారు. ఆ తర్వాత ప్రేక్షకులు తమకు తోచింది చెబుతారు. రచయిత అది విని నాటకాన్ని దిద్దుకుంటాడు. అలా పక్వానికి వచ్చిన నాటకాలకు వారం తర్వాత దీపాలూ తెరలూ అన్ని హంగులతో 'పండు ప్రదర్శన' ఇచ్చేవారు. అది ఆడితే చాలు, చుట్టుపక్కల ఊళ్ళన్నీ పిలిచేవి. పచ్చిగానే ఉండిపోయిన నాటకం రచయితకు మాత్రం ఒక కొబ్బరికాయ చేతిలో పెట్టి బస్సెక్కించేవారు.

పరిషత్తు అధ్యక్షురాలు శేషమాంబగారు. వయసులో ఉండగా మగవేషాలు కూడా కట్టి ఈలలు వేయించుకున్న నటి. రచయితలు ఎలాంటివాళ్ళో ఆవిడకు బాగా తెలుసు. అందుకే ఒక నియమం పెట్టింది. పచ్చి ప్రదర్శన అవగానే రచయిత వేదిక మీద కుర్చీలో కూర్చోవాలి. ఆవిడ స్వయంగా చుట్టిన కిళ్ళీ ఒకటి బుగ్గన పెట్టుకోవాలి. ప్రేక్షకులు చెప్పడం పూర్తయ్యేదాకా దాన్ని మింగకూడదు, ఉమ్మకూడదు.

"నోట్లో కిళ్ళీ ఉంటే మాట రాదు బాబూ. మాట రాకపోతే చెవులు పనిచేస్తాయి" అన్నది శేషమాంబగారు వెండి పెట్టె తెరుస్తూ.

"నాకు కిళ్ళీ అక్కర్లేదండీ. నేను చాలా ఓపిగ్గా వింటాను" అన్నాడు భుజంగరావు.

వెనకాల పట్టాభి దగ్గాడు. శేషమాంబగారు కిళ్ళీ చేతికిచ్చింది.

పచ్చి ప్రదర్శన అయింది. హాలు పక్క ఇంట్లో ఉండే మాణిక్యమ్మ అందరికంటే ముందు లేచింది.

"నాకు తెలీక అడుగుతానండీ. రాజుగారికి బాణం తగిలినప్పుడు నేను ఇంటికెళ్ళి పొయ్యి మీద పప్పు పడేసి వచ్చాను. మళ్ళీ వెళ్ళి చూస్తే పప్పు ఉడికింది. తాలింపు పెట్టి వచ్చాను. రాజుగారు ఇంకా ఉన్నారు..."

హాలంతా గొల్లుమంది. భుజంగరావు బుగ్గలో కిళ్ళీ ఆగలేదు. గబగబా నమిలి గుటుక్కున మింగేసి, "అది వీరమరణమమ్మా! పప్పుతో పోలుస్తావా?" అని లేచాడు.

శేషమాంబగారు ఇంకో కిళ్ళీ అందించింది.

ఒక రిటైర్డు తహసీల్దారుగారు కళ్ళజోడు సవరించుకుంటూ లేచారు. "ఇంత వ్యవధి ఉన్నప్పుడు రాజుగారు ఒక వైద్యుణ్ణి పిలిపించుకోవచ్చు కదా? రాజవైద్యుడు..."

భుజంగరావు ఈసారి మింగే ఓపిక కూడా లేక కిళ్ళీతోనే జవాబు చెప్పబోయాడు. జవాబు రాలేదు గానీ ముందు వరుసలో అందరి బట్టలూ ఎర్రబడ్డాయి. ఆయన తెల్ల లాల్చీ సంగతి చెప్పక్కర్లేదు. బాణం తగిలింది రాజుకో రచయితకో తెలియకుండా పోయింది.

ఇంకో కిళ్ళీ వచ్చింది. దాన్నీ మింగాడు. మరొకటి వచ్చింది. "అలా మింగకండి బాబూ, సున్నం, వక్క..." అని శేషమాంబగారు అంటూనే ఉంది. "నాకు అలవాటే" అని దాన్నీ మింగాడు. నిజానికి ఆయనకు కిళ్ళీ అలవాటే లేదు.

మాణిక్యమ్మ మళ్ళీ లేచి, "మొగుడు ఒళ్ళో పడి చస్తుంటే ఆ రాణి ఒక్క మాటైనా మాట్లాడదేమండీ?" అని అడిగింది. దానికి జవాబు చెప్పాలని భుజంగరావు నోరు తెరిచాడు. నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. సున్నానికి నాలుక పొక్కింది. గొంతు మండిపోయింది. దానికి తోడు వక్క పట్టేసి ఒళ్ళంతా చెమటలు పోశాయి. హాలు గిర్రున తిరిగింది. నలుగురూ పట్టుకుని కుర్చీతో సహా దించారు.

డాక్టరు వచ్చి చూసి, "వారం రోజులు మాట్లాడకూడదు. పెరుగన్నం తినండి, నోట్లో నెయ్యి వేసుకోండి" అని చెప్పాడు.

శేషమాంబగారు నొచ్చుకుని, పెరుగన్నం తనే కలిపి తెచ్చింది. "మీ నాటకాన్ని పండు ప్రదర్శనకు తీసుకోవాలో వద్దో చివరి రిహార్సలు చూసి చెబుతాను బాబూ. ఇప్పుడున్నట్టే ఉంటే మాత్రం కష్టం" అన్నది. భుజంగరావు జవాబు చెప్పలేక నెయ్యి మింగాడు.

మర్నాడు రిహార్సలు మొదలైంది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. భుజంగరావు ఇన్నేళ్ళలో తన నాటకాన్ని ఒక్కసారి కూడా వినలేదు. ఎందుకంటే రిహార్సల్లో నటులకంటే ముందే ఆ మాటలన్నీ తనే గట్టిగా చెప్పేవాడు. ఎవరైనా ఒక అక్షరం తప్పితే నాటకం ఆపేసేవాడు. ప్రదర్శనల్లోనూ పక్కన నిలబడి మాటలు అందిస్తూనే ఉండేవాడు. ఆయనకు వినబడేది ఆయన గొంతే. ఈసారి నోరు లేదు. కాళ్ళు చాపుకుని కుర్చీలో కూర్చుని, జీవితంలో మొదటిసారి తన నాటకం విన్నాడు.

మొదటి రంగాలు బాగానే ఉన్నాయనిపించింది. బాణం తగిలింది. పట్టాభి బాల్యం గురించి పాడాడు. రాజ్యం గురించి పాడాడు. గుర్రం దగ్గరికి వచ్చేసరికి భుజంగరావు తల ముందుకు వాలింది. తన నాటకంలో, తను రాసిన పద్యానికి, తనే నిద్రపోయాడు!

కాసేపటికి ఉలిక్కిపడి లేచాడు. నాటకం అయిపోయిందేమోనని కంగారుగా చూశాడు. రాజుగారు ఇంకా పాడుతున్నారు. తాతగారి పద్యం ఇంకా రానే లేదు. అప్పుడు భుజంగరావుకు పప్పు గుర్తొచ్చింది. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి.

ఇంతలో సత్యవేణి కాలు పూర్తిగా తిమ్మిరెక్కింది. ఆ అమ్మాయి అటూ ఇటూ కదిలింది. పట్టాభి ఆపలేదు. ఇంకో రాగం అందుకోబోయాడు. ఇక భరించలేక ఆ అమ్మాయి అతని నుదుటి మీద చెయ్యి వేసి, అలసిపోయిన గొంతుతో అన్నది:

"ఇంక పాడకండి. పడుకోండి. నేనున్నానుగా."

అందరూ పకపకా నవ్వారు. పట్టాభి కూడా నవ్వుతూ లేచి కూర్చున్నాడు. సత్యవేణి నాలుక్కరుచుకుని, ఇప్పుడు తిట్లు పడతాయని గురువుగారి వైపు బెదురుగా చూసింది.

మామూలు రోజైతే 'ఇంక' అన్న మాట దగ్గరే భుజంగరావు విరుచుకుపడేవాడు. మిగతా మాటలు లోకానికి వినబడేవే కావు. ఇప్పుడు విరుచుకుపడటానికి గొంతు లేదు. అందుకని చివరిదాకా విన్నాడు. వినేసరికి ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చచ్చిపోతున్న భర్తకు భార్య చెప్పే మాట అదే. తను ఇన్ని పద్యాలు రాసి చెప్పలేనిది ఈ పిల్ల కాలు నొప్పితో చెప్పేసింది.

భుజంగరావు లేచి వెళ్ళి సత్యవేణి తల మీద చెయ్యి వేశాడు. మళ్ళీ అనమని సైగ చేశాడు.

"ఏదండీ? కాలు నొప్పెట్టి అన్నానండీ, ఊరికే..."

కాదు, అనమని మళ్ళీ సైగ చేశాడు. ఆ అమ్మాయి అన్నది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆ రోజే భుజంగరావు పెన్సిల్ తీసుకుని పద్యాల మీద అడ్డంగా గీతలు కొట్టాడు. తాతగారు పోయాడు. గుర్రం పోయింది. రాజ్యం పోయింది. పట్టాభి లబలబలాడాడు. "గురువుగారూ, ఇది అన్యాయమండీ! ఇన్ని పద్యాలు తీసేస్తే నేనెందుకండీ? పోనీ, పెళ్ళినాటి పద్యం ఒక్కటైనా ఉంచండి. అది రాణితో పాడేది కదా, అది పాడుతుంటే నాకే ఏడుపొస్తుంది."

భుజంగరావు అదీ చివరిదాకా విన్నాడు. నిజమే అనిపించింది. బాల్యం పద్యం కొట్టేసి, పెళ్ళినాటి పద్యం ఉంచాడు.

చివరి రిహార్సలు చూడటానికి శేషమాంబగారు వచ్చి ముందు వరుసలో కూర్చుంది. నాటకం అయిపోయింది. పట్టాభి కాగితాలు చుట్టి సర్దుతూ ఓరగా ఆవిడ వైపు చూశాడు. భుజంగరావు కళ్ళు మూసుకుని కొబ్బరికాయ కోసం ఎదురుచూశాడు.

"దీపాలు సిద్ధం చేయించండి" అన్నది శేషమాంబగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ.

పండు ప్రదర్శన సాయంత్రం హాలు కిక్కిరిసింది. రాజుగారికి బాణం తగిలింది. ఆయన రాణి ఒడిలో తల పెట్టి, పెళ్ళినాటి పద్యం పాడాడు. ఇంకొకటి పాడటానికి ఊపిరి తీసుకున్నాడు. రాణి నుదుటి మీద చెయ్యి వేసి, "ఇంక పాడకండి. పడుకోండి. నేనున్నానుగా" అన్నది. రాజుగారు కళ్ళు మూశారు. హార్మోనియం ఆగింది. హాల్లో ఎవరో వెక్కిన చప్పుడు వినబడింది. తెర పడ్డాక గానీ చప్పట్లు మొదలవలేదు. మొదలయ్యాక ఒక పట్టాన ఆగలేదు.

పట్టాభి కిరీటం తీయకుండానే వచ్చి రచయితను కావలించుకున్నాడు. "వేరే రచయిత ఎందుకండీ మాకు!" అన్నాడు. పక్క ఊళ్ళవాళ్ళు ముగ్గురు నలుగురు మా ఊరు రమ్మంటే మా ఊరు రమ్మని చుట్టుముట్టారు.

అప్పటికి భుజంగరావు నోరు బాగయింది. గొంతు తిరిగొచ్చింది. ఇంతలో జనాన్ని తోసుకుంటూ మాణిక్యమ్మ వచ్చింది. ఏడ్చి ఏడ్చి ఆవిడ కళ్ళు ఉబ్బాయి.

"చాలా బాగుంది బాబుగారూ! కానీ నాకు తెలీక అడుగుతానండీ, రాజుగారిని మరీ అంత తొందరగా చంపేశారేమండీ?"

భుజంగరావు కళ్ళు పెద్దవయ్యాయి. "మీరే కదమ్మా పప్పు..." అనడానికి నోరు తెరిచాడు. తెరిచిన నోరు మళ్ళీ మూసేశాడు. అప్పుడాయన పక్కకు తిరిగి, శేషమాంబగారి ముందు చెయ్యి చాపాడు.

"ఒక కిళ్ళీ ఇప్పించండి. సున్నం తక్కువ వేసి" అన్నాడు.

దాన్ని బుగ్గన పెట్టుకుని, కుర్చీ లాక్కుని, మాణిక్యమ్మ ఎదురుగా కూర్చున్నాడు. ఇక చెప్పమ్మా అన్నట్టు తల ఊపాడు. ఆవిడ చెప్పింది. చాలాసేపు చెప్పింది. ఆయన చివరిదాకా విన్నాడు.

నీతి: మన పని బాగుపడాలంటే, దాన్ని వెనకేసుకొచ్చే తొందర మాని, ఎదుటివారి మాటను చివరిదాకా వినాలి.