కూత లేని ఆపద

మోదుగులకోన అనే అడవిలో దుప్పులు, కుందేళ్ళు, నెమళ్ళు, ఒక ముసలి ముళ్ళపంది, చెట్ల మీద కొండముచ్చుల గుంపు ఉండేవి. కుందేళ్ళు ప్రతి సభకూ అందరికన్నా ముందే వచ్చి, మొదటి మాటకే నిద్రపోయేవి. పెద్ద నెమలి తాను లేని సభను సభ అని ఒప్పుకునేది కాదు. ముళ్ళపందికి చెవుడు. తనకు కావలసిన మాటలు మాత్రం బాగానే వినబడేవి.

కొండముచ్చుల పెద్ద పేరు వాలప్ప. ఎత్తైన కొమ్మ మీద కూర్చుని, ఆపదను కనిపెట్టి కూత వేయడం అతని పని. కాళ్ళతో వచ్చే శత్రువుకు ఒక కూత, రెక్కలతో వచ్చేదానికి ఇంకొకటి, పొట్టతో పాకి వచ్చేదానికి మరొకటి. కూత వినబడితే అడవంతా పరుగెత్తేది. వినబడకపోతే అడవంతా నిశ్చింతగా మేసేది.

ఏటా వేసవి మొదట్లో కూతల పరీక్ష జరిగేది. వాలప్ప తాను వేసిన కూతలన్నీ గుర్తుచేసేవాడు.

"చిరుత కూత వేశాను. చిరుత వచ్చిందా, లేదా?"

"వచ్చింది!"

"గద్ద కూత వేశాను. గద్ద వచ్చిందా?"

"వచ్చింది!"

"అయితే మన కూతలు సంపూర్ణం" అని చివరికి అతనే ప్రకటించి, అతనే తల ఊపేవాడు. పరీక్ష పెట్టేదీ రాసేదీ ఒకరే అయితే తప్పడం కష్టం.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. వాగు మడుగులో తప్ప ఎక్కడా చుక్క నీరు లేదు. మడుగుకు పొదల మధ్య నుంచి దగ్గరి దారి ఉంది. బండల మీదుగా చుట్టుదారి ఉంది. సిరిమచ్చ అనే తల్లి దుప్పికి రెండు కూనలు. వాటిలో పెద్దకూన పొదల దారిన నీళ్ళకు వెళ్ళి మళ్ళీ రాలేదు. ఆ రోజు ఏ కూతా వినబడలేదు.

ఇప్పుడు సిరిమచ్చకు మిగిలింది చిన్నకూన ఒక్కటే. అది దాహంతో నాలుక వేలాడేసి పడుకుంది. బండల దారిన నడిపిస్తే సగంలో పడిపోతుందేమో. పొదల దారిన తీసుకెళ్తే అక్కను మింగిందేదో దీన్నీ మింగుతుందేమో. ఎటూ తేలక సిరిమచ్చ సభలో నోరు విప్పింది.

"వాలప్ప మామా, నా పెద్దకూనకు ఏ కూత వేశావు?"

"ఏ కూతా వేయలేదే!"

"మరి అదేమైంది?"

"కూత లేదంటే ఆపద రాలేదన్నమాట. ఆపద రాలేదంటే నీ కూన చావలేదన్నమాట. ఏదో మందలో కలిసి తిరుగుతూ ఉంటుంది. సంతోషించు."

సిరిమచ్చకు సంతోషం రాలేదు.

"పోనీలే వదినా, ఈ కాలం పిల్లలు తల్లి మాట ఎక్కడ వింటారు?" అంటూ నెమలి తోక సర్దుకుంది.

"మామా, నీ కూతల్లో తప్పు లేదు. ఒక్కటీ అబద్ధం కాదు" అంది సిరిమచ్చ. "కానీ తప్పు లేకపోవడం వేరు, లోటు లేకపోవడం వేరు. కూతను పట్టుకుని, దీనికి ఆపద ఉందా అని నువ్వు అడుగుతున్నావు. తిరిగి రానివాళ్ళను పట్టుకుని, వీళ్ళకు కూత ఉందా అని అడుగు. ఒక్కరికి లేకపోయినా మన కూతలు సంపూర్ణం కానట్టే."

"నా మనవడూ ఆ దారినే పోయాడు" అని ముళ్ళపంది గొణిగింది. ఈ మాట దానికి బాగానే వినబడింది.

వాలప్పకు కోపం వచ్చింది. "కాళ్ళతో రావాలి, రెక్కలతో రావాలి, పొట్టతో రావాలి. ఇంకెలా వస్తుందే ఆపద?"

"రానిది కూడా ఉండొచ్చు కదా మామా. కదలకుండా ఉంటే, మనమే దాని దగ్గరికి వెళ్ళేది."

సభంతా పగలబడి నవ్వింది. నిద్రలో ఉన్న కుందేళ్ళు కూడా లేచి, ఎందుకో తెలియకుండానే నవ్వాయి.

వాలప్ప చెట్టు దిగాడు. "పొదల దారిన నేనే ముందు నడుస్తా. మావాళ్ళు కొమ్మల మీద కాపలా ఉంటారు. కూత వినబడకపోతే అందరూ నా వెనకే రండి."

సిరిమచ్చ వాళ్ళతో వెళ్ళలేదు. చిన్నకూనను ముట్టెతో నెట్టుకుంటూ బండలెక్కింది.

పొదల మధ్య ఎవరో మనిషి కట్టిపోయిన సన్నని ఇనుప తీగ ఉచ్చు ఉంది. అది రాలేదు, కదలలేదు. వాలప్పే వెళ్ళి అందులో తల పెట్టాడు. గుంజుకున్నకొద్దీ తీగ మెడకు బిగిసింది. అరవాలని నోరు తెరిచాడు. గొంతు పెగలలేదు.

కొమ్మల మీది కాపలావాళ్ళు అంతా చూశారు. కాళ్ళతో వచ్చిన శత్రువు లేదు. రెక్కలది లేదు. పాకేది లేదు. ఏ కూత వేయాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"కూత లేదు, పదండి!" అంటూ కుందేళ్ళు పొదల్లోకి దూరాయి. లోపల ఇంకా ఉచ్చులున్నాయి. వెళ్ళినవాటిలో ఒక్కటీ బయటికి రాలేదు. కూత లేదు కాబట్టి వాటి వెనక మిగతావి కూడా బయలుదేరాయి.

బండ మీద నుంచి సిరిమచ్చకు పొదల్లో ఊగుతున్న వాలప్ప పొడవాటి తోక కనిపించింది. గిట్టతో బండను దబదబా కొట్టి, అంతవరకూ ఆ అడవి వినని ఒక కేక పెట్టింది. నెమలి ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపేసింది. దాని వెనకున్నవన్నీ ఆగిపోయాయి.

సిరిమచ్చ కూనను తీసుకుని బండలు దిగింది. కూన రెండుసార్లు పడింది, లేచింది. మడుగులో మూతి ముంచి కడుపు నిండా తాగింది. వానలు పడేనాటికి తల్లి భుజం దాకా ఎదిగింది.

ఆ వానల్లోనే మళ్ళీ సభ కూడింది. ముందు వరస ఖాళీగా ఉంది. అది కుందేళ్ళు కూర్చునే చోటు. అందరూ సిరిమచ్చ కేకను నేర్చుకున్నారు.

"ఇక మన కూతలు సంపూర్ణమని ప్రకటిద్దామా వదినా?" అని నెమలి ఉత్సాహంగా అడిగింది.

"ప్రకటించినాయన్ని పొదల్లో చూశావుగా" అంది సిరిమచ్చ. "ముందు తిరిగి రానివాళ్ళ పేర్లు చెప్పండి. ఒక్కొక్క పేరుకూ కూత ఉందో లేదో చూద్దాం."

వాలప్ప పేరుతో మొదలుపెట్టారు. చీకటి పడినా పేర్లు అయిపోలేదు.

నీతి: చెప్పిన మాటల్లో తప్పు లేనంత మాత్రాన, చెప్పవలసినదంతా చెప్పినట్టు కాదు; లోటు ఉందో లేదో తెలియాలంటే, ఆ మాటలు కాపాడలేకపోయిన వాళ్ళను లెక్కలోకి తీసుకోవాలి.