కదిరప్పకు నాలుగో పిలుపు

మా తాతకు తాత ఇంకా చంకలో ఉన్న కాలం. కొండలకు పేర్లు పెట్టే పని ఇంకా పూర్తి కాని కాలం. చూసినవాళ్లు పోయారు, విన్నవాళ్లు మరిచారు, చెప్పేవాళ్లు మాత్రం మిగిలారు. చెప్పేవాళ్లకు ధైర్యం తక్కువ. అదే ఉంటే ఏదో ఒకటి చేసి పోయేవాళ్లు గానీ ఇట్లా అరుగు మీద కూర్చుని చెప్పేవాళ్లు కాదు. కాబట్టి ఒక పిరికివాడి కథ చెప్పుకోవడమే మనకు మర్యాద.

ఆ పిరికివాడి పేరు కదిరప్ప.

కదిరప్పకు ఒక కాలు పొట్టి, గొంతు సన్నం, భయాలు మూడు. బల్లంటే భయం. ఊరిపెద్దంటే భయం. కాస్త గట్టిగా మాట్లాడితే తన గొంతుకు తనకే భయం. పొలం లేదు, పెళ్లాం లేదు. దేనికీ పనికిరాడని ఊరంతా తేల్చాక, ఊరిపెద్ద తిమ్మరాయుడు అతన్ని కనుమ మీది చలివేంద్రంలో కూర్చోబెట్టాడు. సంతకు పోవాలంటే ఎవరైనా ఆ కనుమ ఎక్కి దిగాల్సిందే. ఎండాకాలంలో ఆ దారిలో ఇంకెక్కడా నీళ్లు లేవు. తిమ్మరాయుడి కపిలబావిలో ఎద్దులు తోలుబానతో తోడిన నీళ్లు బండిమీద వచ్చేవి.

చలివేంద్రంలో ఇసకలో పాతిన రెండు కుండలు, ఒక రాగి చెంబు. ఇంకొకటి కూడా ఉండేది. నిలువునా చీల్చిన వెదురు, ఎనిమిది జానల పొడుగు. ఊళ్లోవాళ్లకు చెంబు. ఊరి బయటి పేటవాళ్లకు వెదురు. పేటవాళ్లు ఆ చివర ఎండలో గొంతుక్కూర్చుని దోసిలి పట్టాలి. కదిరప్ప ఈ చివర నీడలో నిలబడి పొయ్యాలి. చెయ్యి తగలకూడదు, చెంబు తగలకూడదు, వీలైతే చూపు కూడా తగలకూడదు.

"ముందు ఊరివాళ్లు, తర్వాత పొరుగూరివాళ్లు, మిగిలితే పేటవాళ్లు. తెలిసిందా?" అన్నాడు తిమ్మరాయుడు.

"తెలిసింది సామీ" అన్నాడు కదిరప్ప. అతనికి బాగా వచ్చిన మాట అదొక్కటే.

పేటలో మారెక్క అని ఒకామె. చెప్పులు కుట్టి సంతలో అమ్మేది. వారం వారం వాళ్ల నాయన ఎర్రప్పను వెంటబెట్టుకుని వచ్చేది. ముసలాయన చేతులు వణుకుతాయి. దోసిలి నిలవదు. వెదురులో వచ్చిన నీళ్లలో సగం వేళ్ల సందుల్లో, సగం గడ్డం మీద. నోట్లోకి పోయేది నాలిక తడవడానికి కూడా చాలదు.

కదిరప్ప చూశాడు. జాలేసింది. పిరికివాడికి జాలి ఎక్కువ, ఖర్చు లేనిది గదా.

మొదటి ఎండాకాలం ఒక చెంబు పోసేచోట రెండు చెంబులు పోశాడు. ఇంటికి పోయేటప్పుడు పొట్టికాలు కూడా కొంచెం పొడుగైనట్టు అనిపించింది.

"చూసినావామ్మే, మీకు రెండు పోస్తాండా" అన్నాడు మరుసటి వారం.

"చూసినా సామీ" అంది మారెక్క. "ఒక చెంబు కారిపొయ్యేచోట రెండు కారిపాయ."

ఈ లోకంలో కదిరప్పను సామీ అనేది పేటవాళ్లే. అదీ ఆచారానికి. అయినా అతనికి చెవికింపుగానే ఉండేది.

రెండో ఎండాకాలం ఇంకో ఆలోచన చేశాడు. వెదురును శుభ్రంగా తోమి, పసుపు పూసి, కుంకం బొట్లు పెట్టాడు. పేటవాళ్లకు గౌరవంగా ఉంటుందనుకున్నాడు.

మారెక్క దాన్ని ఆ చివరనుంచి ఈ చివరదాకా చూసింది. "బాగుంది సామీ. పెండ్లెప్పుడు?"

"ఎవరికి?"

"నీకూ వెదురుకూ."

వెనక కూర్చున్న పేటవాళ్లు నవ్వారు. ఎర్రప్ప నవ్వలేదు. ఆయన దోసిలి పట్టే పనిలో ఉన్నాడు.

మూడో ఎండాకాలం కదిరప్ప తెలివి పండింది. ఎవరికీ తెలియకుండా కొడవలి తెచ్చి వెదురు చివర ఒక జాన కోసేశాడు. తిమ్మరాయుడు కనిపెట్టలేదు. ఎవరూ కనిపెట్టలేదు. కదిరప్పకు మాత్రం నోరు ఆగలేదు.

"మారెక్కా, ఇట్లరా. ఎవరికీ చెప్పొద్దు. ఒక జాన కోసినా. ఏడాదికొక జాన కోసుకుంటా పోతా. ఎవరికీ కోపం రాదు, ఎవరికీ తెలీదు. కడాన వెదురే ఉండదు!"

మారెక్క వెదురు వైపు చూసింది. తర్వాత వాళ్ల నాయన వైపు చూసింది. ఆయన రాతికి ఆనుకుని, కళ్లు మూసుకుని ఎగపోస్తున్నాడు. ఈ మధ్య ఆయనకు నడక కూడా తగ్గింది.

"ఇంక ఏడు జానలుంది సామీ. ఏడు ఎండాకాలాలు. మా నాయనకు ఏడు దినాలుందో లేదో."

కదిరప్ప వెదురు కింద పెట్టాడు. "అయితే నన్నేం చెయ్యమంటావు?"

"ఇదీ మాట" అంది మారెక్క. "మూడేండ్లకు అడిగినావు."

"చెప్పు."

"చెంబియ్యి."

అంతే. ఇంకేమీ అడగలేదు. కదిరప్ప చెంబు వైపు చూశాడు, తర్వాత ఊరి దారి వైపు చూశాడు.

సరిగ్గా అప్పుడే సంత నుంచి తిమ్మరాయుడు వచ్చాడు. వైశాఖం ఎండ. మొహం కందగడ్డలా ఉంది. వెనక ఇంకో పదిమంది.

"కదిరిగా, నీళ్లు! ముందు నాకు."

కుండలో ముంచిన చెంబు కదిరప్ప చేతిలో ఉంది. ఎడంపక్క ఊరిపెద్ద. కుడిపక్క ముసలాయన. మారెక్క చూస్తూ ఉంది. కదిరప్ప కుంటుకుంటూ నీడ దాటి ఎండలోకి వచ్చాడు. చెంబు ఎర్రప్ప చేతుల్లో పెట్టి, ఆ చేతులను తన చేతులతో పట్టుకుని, ఆయన పెదవులకు ఆనించాడు. ఒక్క చుక్క కూడా కింద పడలేదు.

కనుమ మీద ఉన్నవాళ్లంతా బిగుసుకుపోయారు.

"ఏందిరా ఇది?" అన్నాడు తిమ్మరాయుడు.

"ముందు ఆయనొచ్చినాడు సామీ." గొంతు సన్నంగానే వచ్చింది. వచ్చింది మాత్రం.

"ఆ చెంబుతో నేనెట్ల తాగేది?"

కదిరప్ప నిజంగానే ఆలోచించాడు. వెటకారం చేసేంత ధైర్యం అతనికి లేదు. "చెంబు వద్దంటే వెదురుంది సామీ. తోమి పెట్టినా."

తిమ్మరాయుడు ఊరి దారి చూశాడు. రెండు కోసుల ఎండ. నాలిక పిడచకట్టుకుపోయింది. వెనక పదిమంది చూస్తున్నారు. చివరికి వెదురు దగ్గర గొంతుక్కూర్చుని దోసిలి పట్టాడు. అలవాటు లేని చేతులు. నీళ్లు మోచేతుల మీదుగా కారి నడుం దాకా తడిపాయి.

"మోచేతులు దగ్గరికి పెట్టుకో సామీ" అంది మారెక్క మెల్లగా. "మాకూ మొదట్లో అట్లే ఉండె. నీ కపిలబావికి బాన కుట్టింది మా నాయనే. ఆ తోలుబానలో వచ్చిన నీళ్లకే మేమిట్ల కూచునేది."

తిమ్మరాయుడు తాగలేదు. లేచాడు. "రేప్పొద్దున నువ్వీ పందిట్లో కనపడితే రెండో కాలు కూడా పొట్టి చేస్తా" అని కదిరప్పతో చెప్పి పోయాడు. కథ కాబట్టి తిమ్మరాయుడు మారిపోయాడని చెప్పవచ్చు. మారలేదు.

పనీ పోయింది, కూడూ పోయింది. మరునాడు కదిరప్ప దారి పక్కన రాయి మీద కూర్చున్నాడు. మారెక్క నెత్తిన నీళ్లకుండతో వచ్చింది.

"ఇంకేం చేస్తావన్నా?"

అన్నా అంది. సామీ అనలేదు. సామీ కంటే అది చెవికింపుగా ఉంది.

"నాకు నీళ్లు పోసేది తప్ప ఇంకేం రాదు మారెక్కా."

"అయితే పొయ్యి. పేట పక్క వంక ఇసకలో మా పేటోళ్లు తీసిన చెలమ ఉంది. నీళ్లు మావి, పోసేది నీది."

కుండ దించి ఒక చెంబు ముంచి ఇచ్చింది. కదిరప్ప చెంబు ఎత్తాడు, దించాడు. మళ్లీ ఎత్తాడు, దించాడు. మూడేళ్లుగా వాళ్లకు నీళ్లు పోస్తున్నాడు గానీ వాళ్ల నీళ్లు ఒక్కనాడూ తాగలేదు. ఆ సంగతి అతనికి అప్పటిదాకా తట్టనే లేదు. మారెక్క తొందరపెట్టలేదు, మొహం తిప్పుకోలేదు. మూడోసారి ఎత్తి గటగటా తాగేశాడు.

"తియ్యగా ఉన్నాయే!"

"చేదుగా ఉంటాయనుకుంటివా?" అంది మారెక్క.

ఎర్రప్ప ఆ నీళ్లు తాగుతూ ఇంకో రెండు ఎండాకాలాలు బతికాడు.

కనుమకు ఇవతలి వాలున కొత్త పందిరి లేచింది. ఒక కుండ, ఒక చెంబు, ఒక మాట: ముందొచ్చినవాళ్లకు ముందు. "ఎక్కడి నీళ్లు?" అని కొందరు అడిగేవాళ్లు. "తాగినాక చెప్తా" అనేవాడు కదిరప్ప. కొందరు తాగేవాళ్లు. కొందరు ఉమ్మేసి పోయేవాళ్లు. కొందరు రాళ్లు వేశారు. ఒకనాడు కుండ పగిలింది, కదిరప్ప నుదురు పగిలింది. కుండ మారెక్క మార్చింది, నుదురు దానంతటదే మానింది. ఏళ్లు గడిచాయి. పైనున్న తిమ్మరాయుడి పందిరి ఒక గాలివానకు ఎగిరిపోయింది. మళ్లీ ఎవరూ వెయ్యలేదు. అవసరం కలగలేదు.

ముసలివాడై ఒక మధ్యాహ్నం కదిరప్ప కుండ పక్కనే ఒరిగిపోయాడు. పాడె ఊరివాళ్లు ఇద్దరు, పేటవాళ్లు ఇద్దరు మోశారు. దారిలో దింపుడు కళ్లం దగ్గర దించారు. పోయినవాళ్ల చెవిలో అయినవాళ్లు మూడుసార్లు పిలవాలి. ఏమో, ప్రాణం తిరిగి రావచ్చునని ఆశ.

"అయినవాళ్లెవరూ లేరే" అన్నారు ఊరివాళ్లు.

మారెక్క జుట్టు అప్పటికి నెరిసిపోయింది. వచ్చి పాడె పక్కన కూర్చుంది. "కదిరన్నా" అని పిలిచింది. పలకలేదు. "కదిరన్నా." పలకలేదు. "కదిరన్నా!" పలకలేదు.

"అయిపోయింది, లేమ్మా" అన్నారు మోసేవాళ్లు.

"ఉండండప్పా" అంది మారెక్క. "ఈయనకు ఏదీ మూడోసారికి గూడ సరిగ్గా తెలిసేది కాదు. ఇంకోసారి పిలుస్తా."

నాలుగోసారి పిలిచింది.

అతను పలికాడని చెబితే మీరు నమ్మరు, నేనూ నమ్మను. పలకలేదు.

కానీ ఈనాటికీ అన్నిచోట్లా దింపుడు కళ్లంలో మూడుసార్లే పిలుస్తారు. ఆ కనుమ కింది ఊళ్లలో మాత్రం నాలుగు. మూడుసార్లు అయినవాళ్లు పిలుస్తారు. తర్వాత లేచి పక్కకు జరుగుతారు. ఊళ్లో మనిషి పోతే పేటవాళ్లలో ఒకరు, పేటలో మనిషి పోతే ఊరివాళ్లలో ఒకరు ముందుకొచ్చి, చెవి దగ్గర వంగి, నాలుగోసారి పిలుస్తారు. ఆ పిలుపు అయ్యేదాకా పాడె లేవదు.