చింతచెట్టు కింద వెంట్రుకల ఉండలు

అనగనగా అనే మొదలుపెడతాను, ఎందుకంటే ఇది మీ తాతల తాతలకి కూడా పాత కథే. మణిశిఖరమనే నగరం నడిబొడ్డున రాజుగారి తోట ఒకటి ఉండేది. ఊళ్లో జనమంతా సాయంత్రాలు అక్కడికే షికారుకు వచ్చేవారు. ఆ తోట ఊడ్చి, మొక్కలకు నీళ్లు పెట్టే మనిషి పేరు పైడమ్మ.

తోటలో ఉడతలుండేవి, ముంగిసలుండేవి, కొంగలుండేవి. వాటిని ఎవరూ ఏమీ అనేవారు కాదు. కానీ ఆ ఏడు ముసలి చింతచెట్టు తొర్రలో గుడ్లగూబల జంట ఒకటి గుడ్లు పొదిగి మూడు పిల్లల్ని చేసింది. ఇంకేముంది, అరిష్టమని ఊరంతా గుసగుసలు! పైడమ్మకు మాత్రం అవంటే భలే ముద్దు. చీపురు పక్కన పెట్టి, రోజూ కాసేపు వాటినే చూస్తూ కూచునేది.

ఒకనాడు తోట అధికారి కోదండయ్యకు ఆ చెట్టు కింద నల్లటి ఉండ ఒకటి కనిపించింది. పుల్లతో విప్పితే వెంట్రుకలు, ఎముకలు! "అమ్మో, చేతబడి!" అని ఎగిరి గంతేశాడు. మర్నాడు రెండు ఉండలు కనిపించాయి. మూడోనాడు మూడు. సరిగ్గా అదే వారం రాణిగారికి జ్వరం తగిలింది. ఇక చూసుకోండి, రెంటికీ ముడిపెట్టేశారు.

"ఆ చెట్టు కింద తిరిగేది పైడమ్మ ఒక్కతే, మహారాజా. ఆ ఉండలు పెట్టిందీ అదే!" అన్నాడు కోదండయ్య.

"చెట్టు కొట్టించండి. ఆ మనిషిని పొలిమేర దాటించండి" అన్నాడు రాజు.

ఇరవై ఏళ్లుగా ఆ తోటే పైడమ్మ ఇల్లు, పోదామంటే మరో చోటు లేదు. గూటిలో పిల్లలకా, ఇంకా రెక్కలు రాలేదు.

"మహాప్రభో, అవి గుడ్లగూబలు కక్కిన ఉండలు" అంది కొలువుకు పరుగెత్తుకొచ్చి, చేతులు జోడించి. "ఎలకని గుటుక్కున మింగేసి, అరగని బొచ్చూ ఎముకలూ ఉమ్మేస్తాయి. నేను కళ్లారా చూశాను. ఒక్క పూట మీరూ వచ్చి కూచోండి. నా మాట అబద్ధమైతే నేనే ఊరొదిలి పోతాను."

"రాజుగారిని గుడ్లగూబ ముఖం చూడమంటావా!" అని కోదండయ్య కయ్యిమన్నాడు. రాజుకు మాత్రం ఆమె అడిగింది న్యాయమే అనిపించింది.

మర్నాడు పొద్దున్నే రాజు చింతచెట్టు కింద పీట వేయించుకున్నాడు. పైడమ్మను దూరంగా భటుల మధ్య నిలబెట్టారు. ఒక ఘడియ గడిచింది, ఏమీ లేదు. రెండో ఘడియా గడిచింది. "నేను ముందే మనవి చేశాను కదా ప్రభూ!" అని కోదండయ్య మీసం దువ్వాడు.

మూడో ఘడియలో తల్లి గుడ్లగూబ మెడ సాచింది, నోరు తెరిచింది. టప్! ఉండ సరాసరి రాజుగారి తలపాగా మీదే పడింది.

ఒక్కరూ నవ్వడానికి సాహసించలేదు. రాజు ఆ ఉండను నీళ్ల గిన్నెలో నానవేయించాడు. బొచ్చు విడిపోయింది. గిన్నె అడుగున ఎలక పుర్రె, పళ్లతో సహా బయటపడింది. ధాన్యపు కొట్టు కాపలాదారు ముందుకొచ్చి, "ఈ ఏడు ఎలకలు బస్తాలు కొరకలేదేమిటా అనుకుంటున్నాను ప్రభూ, ఇదన్నమాట సంగతి!" అన్నాడు. రాణిగారి జ్వరమంటారా, అది వైద్యుడి కషాయంతో అప్పటికే తగ్గిపోయింది.

రాజు సిగ్గుపడ్డాడు. "నువ్వు రోజూ చూశావు. మేము ఒక్కనాడైనా చూడకుండానే శిక్ష వేశాం. తప్పు మాది, పైడమ్మా" అన్నాడు. పైడమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ చీపురు పట్టుకుంది. చెట్టు మీద గొడ్డలి పడలేదు.

అందుకే పిల్లలూ, తెలియనిదాన్ని చూసి భయపడితే ఫరవాలేదు గానీ, దగ్గరికెళ్లి నిజం తెలుసుకోకుండా ఎవరి మీదా నింద వేయకూడదు.