గొట్టంలో గాలి ఎవరిది

1994 మే 11, బుధవారం. పొద్దున తొమ్మిదికే రాళ్ళు కాలుతున్నాయి. ఒక్క ఆకు కదల్లేదు. గాలన్నదే లేని ఆ రోజు కదిరప్ప ఇంటికి గాలితో పని పడింది.

కదిరప్పకు ముగ్గురు కొడుకులు: తిమ్మప్ప, మద్దిలేటి, ఓబులేసు. "మా ఇంటి తెలివి ఊరంతా పంచినా ఇంకా మిగుల్తుంది" అని కదిరప్ప టీ కొట్టు దగ్గర చెప్పుకునేవాడు. ఊళ్ళోవాళ్ళు మాకొద్దనేవాళ్ళు.

గుట్టకు ఇవతల బోరు, అవతల రెండొందల చీనీ చెట్లు, అంటే బత్తాయి. పిందెలు రాలిపోతున్నాయి. ఇంకో వారం నీళ్ళందకపోతే చెట్లు కట్టెలే. గుట్ట మీదుగా గొట్టం వేసి మోటారు పెట్టారు. నీళ్ళు గుట్టెక్కి, అక్కడే ఆగిపోయాయి.

ఫిట్టర్ ఖాదర్ వచ్చి చూశాడు. "గుట్ట మీద గొట్టంలో గాలి కూర్చుందప్పా. అది లేస్తే గాని నీళ్ళు దాటవు" అన్నాడు.

ఈ కథ చెప్తున్న నేనూ కాలేజీలో మూడేళ్ళు ఫిజిక్సు చదివాను. గాలి తేలిక కాబట్టి ఎత్తుకు చేరుతుందన్న ఒక్క ముక్కే గుర్తుంది. అది చెప్పిన లెక్చరరు గొడుగు కూడా గుర్తుంది. సరే, ఆ గొడుగు మనకెందుకు.

ఖాదర్ ఒక గాలి వాల్వు తెచ్చాడు. "వీటిలో రకాలున్నాయి. సన్న రంధ్రమున్నది మోటారు నడిచేటప్పుడు చేరే కాస్త గాలిని వదుల్తుంది. పెద్ద రంధ్రమున్నది గొట్టం నిండేటప్పుడు గాలినంతా బయటికి తోలి, ఖాళీ అయ్యేటప్పుడు లోపలికి పీలుస్తుంది. ఇది రెండు పనులూ చేస్తుంది. నీళ్ళు తగిలాయంటే లోపలి బంతి తేలి, రంధ్రం మూసుకుంటుంది. అన్నిటికన్నా ఎత్తైన చోట పెట్టండి" అని చెప్పి, బంధువుల పెండ్లికి పోయాడు.

అన్నదమ్ములు ఎత్తైన చోటు వెతికారు. గుట్ట ఎత్తే. కానీ గుట్ట మీది ఈతచెట్టు ఇంకా ఎత్తు. అంతే, ఓబులేసు ఎక్కి చెట్టు తలకు వాల్వు కట్టి దిగాడు. మోటారు వేశారు. నీళ్ళు రాలేదు.

"గాలికి చెట్టెక్కడం రాదేమోరా" అన్నాడు తిమ్మప్ప. నిచ్చెన వేశారు. అయినా రాలేదు.

మూడోరోజు ఖాదర్ తిరిగొచ్చి, వాల్వు దింపి, గుట్ట మీద గొట్టానికే బిగించాడు. బుస్సుమని గాలి పోయింది, బంతి తేలింది, నీళ్ళు తోటలో పడ్డాయి. కదిరప్ప కళ్ళు తుడుచుకున్నాడు.

సాయంత్రం మోటారు ఆపారు. నీళ్ళు కిందికి జారుతుంటే వాల్వు గాలి పీల్చడం మొదలుపెట్టింది.

"ఒరే, ఊళ్ళో ఉన్నదే కొంచెం గాలి. అదీ ఇది తాగేస్తోంది" అన్నాడు మద్దిలేటి. ఇంకేముంది, తలగుడ్డ తీసి దాని నోట్లో కుక్కాడు. లోపలికి గాలి అందక గొట్టం అప్పడంలా అణిగిపోయింది. ముగ్గురూ వంతులేసుకుని, కొస నోట పెట్టుకుని పొద్దుగూకేదాకా ఊదారు. బుగ్గలు ఉబ్బాయి, గొట్టం ఉబ్బలేదు.

ఖాదర్ కొత్త గొట్టం అతికించాడు. కదిరప్పకు విసుగొచ్చింది. "నేనుండగానే పంచేస్తా. ఎవరిది వాళ్ళు జాగ్రత్తగా చూసుకుంటారు. తోట నాకుండనీ. గొట్టం తిమ్మప్పకు, బోరు నీళ్ళు మద్దిలేటికి."

"మరి నాకు నాయనా?" అన్నాడు ఓబులేసు.

"ఇంకేం మిగిలిందిరా. గొట్టంలో గాలుంది, తీసుకో పో."

అంతే. ఓబులేసు తండ్రి కాళ్ళకు మొక్కి, గుట్టెక్కి, వాల్వు నోటికి చెక్క బిరడా కొట్టి పక్కనే కాపలా కూర్చున్నాడు. నీళ్ళు మళ్ళీ గుట్ట ఇవతలే ఆగాయి.

"అది తియ్యప్పా, చెట్లెండిపోతాయి" అన్నాడు ఖాదర్.

"పోయేది నా భాగం భాయ్. నీదైతే వదుల్తావా?"

అన్నలిద్దరూ ఆలోచించి న్యాయం తమ్ముడిదే అన్నారు. బిరడా కదలకుండా తిమ్మప్ప తాడు బిగించాడు, మద్దిలేటి పైన రాయి పెట్టాడు. కొడుకుల ఐకమత్యం చూసి కదిరప్ప మురిసిపోయాడు.

అలా పెద్దవాడికి గొట్టం, నడిపివాడికి నీళ్ళు, చిన్నవాడికి గాలి దక్కాయి. రెండొందల చీనీ చెట్లకు మాత్రం ఏ భాగమూ రాలేదు.